ఏరిన పాటలు, ఎగిరిపోయిన పేర్లు

పాట ఎవరిదని అడిగితే "ప్రజలది" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ పొలం ఎవరిదని అడిగితే ప్రజలది అనరు, పట్టా చూపిస్తారు. సినిమా పాట ఎవరిదని అడిగితే ప్రజలది అనరు, ఫలానా కవిది, ఫలానా సంగీత దర్శకుడిది, ఫలానా కంపెనీది అంటారు. మాల జీతగాడు మోట కొడుతూ కట్టిన పాట, మాదిగ కూలితల్లి నాటేస్తూ అల్లిన పాట దగ్గరికి వచ్చేసరికే అది "ప్రజలది" అయిపోతుంది. అందరిదీ అంటే ఎవరిదీ కాదన్నమాట. ఎవరిదీ కాని సొమ్మును ఎవరైనా ఎత్తుకుపోవచ్చు.

ఈ మాట వేరేవాళ్ళ మీద విసరడం తేలిక. అగ్రవర్ణ సాహిత్యకారుల మీద, సినిమావాళ్ళ మీద మనం చాలాసార్లు విసిరాం. విసరాల్సిందే. ఈ వ్యాసంలో మాత్రం రాయి మా ఇంటి మీదికే. మేమే ఒక పాటల కూర్పు చేశాం. మేమే అందులో పేర్లు పోగొట్టాం. మేమే కొన్ని పాటలు కోసేశాం. ఒక కవితా సంకలనాన్ని ఎట్లా విమర్శిస్తామో ఆ కూర్పును అట్లా విమర్శించాలని ఈ ప్రయత్నం. ఎందుకంటే పాటలు ఏరి, ఒక వరసలో పెట్టి, పదిమందికి పంచడం కూడా రచనే. కవి మాటల్ని ఎంచుకుంటాడు. కూర్చేవాడు పాటల్ని ఎంచుకుంటాడు. ఎంపిక ఉన్నచోట తీర్పు ఉంటుంది. తీర్పు చెప్పినవాడు లెక్క కూడా చెప్పాలి.

పెన్‌డ్రైవ్‌లో నలభై రెండు

నాగోల్‌లో మూసీ ఒడ్డుకు దగ్గర్లో మేము అద్దెకుండే బస్తీ ఉంది. 2017 నవంబరులో మొదలైన మెట్రో స్టేషన్‌కి నడిచిపోవచ్చు. నల్గొండ నుంచి, పాలమూరు నుంచి కూలికి వచ్చి నిలబడిపోయినవాళ్ళే ఎక్కువ. మేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేసే ఆడవాళ్ళు. మా తరంలో మా ఇంట్లో యూనివర్సిటీ మెట్లెక్కింది మేమే మొదలు. ఆ సంగతి బస్తీకి తెలుసు. అందుకే 2025 ఏప్రిల్ 14 అంబేద్కర్ జయంతికి నాలుగు రోజుల ముందు పిల్లలు వచ్చి, "అన్నా, మీరు చదువుకున్నోళ్ళు. పొద్దటిసంది రాత్రి దాంక మైకుల వెయ్యనీకి మన పాటలు ఎక్కించియ్యిండ్రి. సినిమా పాటలొద్దు" అన్నారు.

నలభై రెండు పాటలు ఎక్కించాం. దాదాపు మూడున్నర గంటలు. పాత క్యాసెట్ల నుంచి కంప్యూటర్‌లోకి మార్చుకున్నవి కొన్ని, సభల్లో రికార్డు చేసినవి కొన్ని, స్నేహితులు పంపినవి కొన్ని. వరస కూడా ఆలోచించే పెట్టామనుకున్నాం. పొద్దున్నే బాబాసాహెబ్ పాటలు. విగ్రహానికి దండలు వేసే వేళకు ఉద్యమ పాటలు. ఆ తర్వాత అమరుల పాటలు. మధ్యాహ్నానికి పనీపాటా, ఆడవాళ్ళ పాటలు. జయంతి అయిపోయింది గానీ కూర్పు ఆగలేదు. ఫోన్ నుంచి ఫోన్‌కి పోయింది. అడ్డా మీది కూలీల దగ్గరికి, దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ళలో పోటీ పరీక్షలకు చదివే పిల్లల దగ్గరికి చేరింది. మేము లోలోపల మురిసిపోయాం కూడా.

మురిపెం తీరింది ఒక పెద్దమ్మ వల్ల. ఆమె ఇండ్లల్ల పనిచేస్తుంది. జయంతి అయిన వారానికి మనవరాలి ఫోన్‌లో ఒక పాట విని ఆగింది. "ఇది ఎవలదని రాసిన్రు?" అని అడిగింది. మనవరాలు తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివింది: "ట్రాక్ జీరో సెవెన్. అన్‌నోన్ ఆర్టిస్ట్."

"అంటే?"

"ఎవలో తెల్వదంట నానమ్మా."

మమ్మల్ని పిలిపించింది. "తెల్వకపోవుడేంది బిడ్డా? ఆ పాట మా అక్క కట్టింది. నేను పక్కన నాటేసుకుంట గొంతు కలిపిన" అన్నది.

కంప్యూటర్ తప్పు అని తప్పించుకోవచ్చు. పేరు ఎవరూ నింపకపోతే యంత్రం "అన్‌నోన్ ఆర్టిస్ట్" అని తనే చూపిస్తుంది. కానీ జయంతి నాడు పందిరి గుంజకు కట్టిన కాగితం మా చేత్తో రాసిందే. అందులో ఆ పాట పక్కన "జానపదం" అని ఉంది. యంత్రం ఇంగ్లీషులో అన్నమాటే మేము తెలుగులో రాశాం. తేడా ఏమిటంటే, యంత్రం చదువుకోలేదు. మేము చదువుకున్నాం.

"జానపదం" అనే సంచి

ఆ మాట మాకు ఎక్కడ అబ్బింది? క్లాసులోనే. జానపదం అంటే అజ్ఞాతకర్తృకం, సామూహికం, మౌఖికం అని నోట్సు రాసుకున్నాం. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఉస్మానియాలో బిరుదురాజు రామరాజు గారు తెలుగు జానపద గేయాల మీద చేసిన పరిశోధనకు 1956లో డాక్టరేటు వచ్చింది. పల్లె పాటకు యూనివర్సిటీ తలుపు తెరిచిన పని అది. ఆ తలుపులోంచే మాలాంటివాళ్ళమూ లోపలికి వచ్చాం. ఆ పని విలువను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. మా గొడవ ఆ నిర్వచనంతో. "అజ్ఞాత" అంటే ఎవరికి అజ్ఞాతం? పక్కన నాటేసిన చెల్లెలికి అజ్ఞాతం కాదు. వాడకు అజ్ఞాతం కాదు. పెన్ను పట్టుకుని వచ్చినవాడు అడగలేదు కాబట్టి అతనికి అజ్ఞాతం. అడగనివాడి తెలియనితనం పాట లక్షణం ఎట్లా అవుతుంది?

ఇంకో పుస్తకం చూడండి. మా వాడల్లో చాలా ఇళ్ళలో ఉండేది: ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు. అందులో కీర్తనకు రాగం, తాళం ఉంటాయి. రాసినవారి పేరు ఉంటుంది. 19వ శతాబ్దంలో రాసిన పురుషోత్తమ చౌధరి పేరు ఈనాటికీ ఆ పేజీల్లో ఉంది. ఆయన పుట్టింది బ్రాహ్మణ కుటుంబంలో. ఆ కీర్తనల్ని గొంతులో పెట్టుకుని తరం నుంచి తరానికి మోసింది మాత్రం ఎక్కువగా మాల మాదిగ సంఘాలే. అంటే పేరు నిలబెట్టుకోవడం మనకు చేతకాని పని కాదు. నూరేళ్ళకు పైగా వేరేవాళ్ళ పేర్లను భద్రంగా మోశాం. మన పేర్ల దగ్గరే సంచి చినిగింది.

అచ్చయిన పేరు కూడా నిలవడం కష్టమే. 'బండెనక బండి' పాట రాసింది బండి యాదగిరి, తెలంగాణ సాయుధ పోరాట కాలపు మనిషి. గౌతమ్ ఘోష్ తీసిన 'మా భూమి' సినిమాలో దాన్ని గద్దర్ పాడాడు. ఇవాళ పదిమందిని అడిగితే చాలామంది గద్దర్ పాట అనే చెప్తారు. గద్దర్ దొంగిలించలేదు. గొంతు పెద్దదైనప్పుడు దాని నీడలో కట్టినవాడి పేరు కనపడకుండా పోతుంది. నీడను తొలగించే పని కూర్చేవాడిది. మా కూర్పులో ఆ పాట ఉంది. దాని పక్కన మేము రాసింది "గద్దర్" అని ఒక్క మాట. చదువుకున్నోళ్ళం కదా!

చట్టం ఏమంటుంది? 1957 కాపీరైట్ చట్టానికి 1984లో చేర్చిన 52ఎ సెక్షన్ ప్రకారం క్యాసెట్ మీద, దాని డబ్బా మీద రికార్డు తయారుచేసినవాడి పేరు, చిరునామా ఉండాలి. హక్కుదారు పేరు, చిరునామా ఉండాలి. మొదట విడుదలైన సంవత్సరం ఉండాలి. పాట కట్టినవాడి పేరు ఉండి తీరాలని ఆ సెక్షన్ అనదు. హక్కు అమ్ముకున్నా రచయిత తన పేరు చెప్పుకోవచ్చని 57వ సెక్షన్ అంటుంది. చెప్పుకోవడానికి ముందు రుజువు కావాలి. నాటు మడిలో కట్టిన పాటకు రుజువేది? పక్కన గొంతు కలిపిన చెల్లెలే రుజువు. ఆమె ఇవాళ నాగోల్‌లో గిన్నెలు తోముతుంది. ఆమె సాక్ష్యం ఎవరు రాసుకున్నారు?

మాట కోసి పాట ఉంచినం

మా కూర్పు మొదటి కూర్పేమీ కాదు. 1963లో ఫిలిప్స్ కంపెనీ తెచ్చిన క్యాసెట్ మన దగ్గర 1980లలో చవకగా దొరకడం మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్, కోఠి లాంటి చోట్ల రికార్డింగ్ షాపులుండేవి. కాగితం మీద పాటల చిట్టీ రాసిచ్చి, ఖాళీ క్యాసెట్ ఇస్తే మర్నాటికి నింపి ఇచ్చేవాళ్ళు. అరవై నిమిషాలదైతే పక్కకు ముప్పై, తొంభైదైతే నలభై ఐదు. చివరి పాట సగంలో తెగేది. డబ్బులేని ఇళ్ళలో ఇంకో ఉపాయం ఉండేది. కొన్న క్యాసెట్ వెనక చిన్న పలకలు విరిచేసి రెండు చిల్లులుంటాయి, మీద మళ్ళీ రికార్డు కాకుండా. ఆ చిల్లులకు కాగితం ముక్క అతికిస్తే మళ్ళీ రికార్డవుతుంది. మా నాన్న అట్లాగే ఒక భక్తి పాటల క్యాసెట్ మీద ఉద్యమ పాటలు ఎక్కించుకున్నాడు. పాట పాటకూ నడుమ వెనకటి భజన ముక్క ఒకటి వినపడేది.

1985 జులై 17న కారంచేడు. 1991 ఆగస్టు 6న చుండూరు. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట, ఆ తర్వాత వచ్చిన దళిత పాటలు పుస్తకం చేరలేని వాడలకు క్యాసెట్ మీద చేరాయి. కాపీకి కాపీ తీసేకొద్దీ బుస్సుమనే చప్పుడు పెరిగేది. అయినా ఆ టేపుల్లో మా డిజిటల్ కూర్పులో లేనిది ఒకటుంది. అది మాట. సభలో పాడే మనిషి నేరుగా పాటెత్తుకోడు. ఈ పాట ఎందుకు పుట్టింది, ఎవరి మీద, ఎవరు రాశారు అని చెప్తాడు. 2023 ఆగస్టు 6న వెళ్ళిపోయిన గద్దర్ అయితే పాట నడుమ ఆగి మాట్లాడేవాడు, మళ్ళీ పాటలోకి దూకేవాడు. ఎక్కడ మాట అయిపోయిందో ఎక్కడ పాట మొదలైందో విడదీయలేం.

మేము విడదీశాం. సభ టేపుల్ని కంప్యూటర్‌లో పెట్టి మాటలన్నీ కోసేశాం. "వినడానికి సాఫీగా ఉంటుంది" అనుకున్నాం. పెద్దమ్మ అన్నమాట తర్వాత పాత టేపులు మళ్ళీ విన్నాం. నలభై రెండింటిలో తొమ్మిది పాటలకు కట్టినవాళ్ళ పేర్లు ఆ కోసేసిన మాటల్లోనే ఉన్నాయి! పేరు దొరక్క రాయలేదనుకున్నాం. దొరికిన పేరును కత్తిరించి బయట పారేశాం. సాఫీతనం అనే ఈ రుచి మనకు ఎక్కణ్ణుంచి వచ్చింది? కచేరీ రికార్డుల నుంచి, సినిమా పాటల నుంచి వచ్చింది. వాడ పాటకు వాడ చెవి పెట్టి వినాల్సింది పోయి, సభా మర్యాద చెవి పెట్టి విన్నాం.

ఇక్కడ నల్లవాళ్ళ అనుభవం గుర్తుచేసుకోవాలి. న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో 1973 ఆగస్టు 11న డీజే కూల్ హెర్క్ చెల్లెలి కోసం జరిగిన విందును హిప్‌హాప్ పుట్టిన రోజుగా చెప్పుకుంటారు. 1979లో ఆ పాట రికార్డు కంపెనీల ద్వారా పెద్దగా అమ్ముడయ్యేదాకా అది ఎక్కువగా విందుల్లో తీసిన క్యాసెట్ల మీదే చేతులు మారింది. ఆ టేపుల్లో పాట నడుస్తుండగానే వాడకట్టు మనుషుల పేర్లు పిలిచే గొంతులుంటాయి. ఫలానావాడు ఇక్కడున్నాడు, ఫలానా వీధి ఇక్కడుంది అని. పేరు పిలవడం వాళ్ళకు పాటకు అడ్డు కాలేదు, పాటలో భాగమైంది. మన సభ టేపుల్లో ఉన్నదీ అదే పని.

ఐక్యత పేరుతో

ఇక కోసేసిన పాటల సంగతి. ఇది రాయడం మాకు ఇంకా కష్టం.

మొదట రాసుకున్న చిట్టీలో రెండు దండోరా పాటలున్నాయి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన ఉద్యమం ఎన్ని పాటలు పుట్టించిందో ఈ పత్రిక పాఠకులకు చెప్పనక్కర్లేదు. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025 మార్చిలో తెలంగాణ అసెంబ్లీ బిల్లు పాస్ చేసింది. 59 కులాల్ని మూడు గ్రూపులు చేసిన ఆ చట్టం సరిగ్గా ఏప్రిల్ 14నే అమల్లోకి వచ్చింది. బస్తీలో మాల మాదిగ ఇళ్ళు కలిసే ఉన్నాయి. "పండగ పూట లొల్లెందుకు, అవి తియ్యుండ్రి" అని ఒకరన్నారు. తీసేశాం. ఎవరినీ అడగలేదు. "ఐక్యత కోసం" అని మాకు మేమే సర్ది చెప్పుకున్నాం.

జయంతి నాడు ఒక తమ్ముడు, డప్పు కొట్టే ఇంటి పిల్లవాడు, పాటలన్నీ విని అన్నాడు: "అన్నా, పాటపాటకు మా డప్పు చప్పుడున్నది. మా మాట యాడున్నది?"

దీనికి జవాబు మా దగ్గర లేదు. వర్గీకరణ మీద ఎవరి అభిప్రాయం వాళ్ళకు ఉండొచ్చు. దాన్ని ఒప్పుకోనివాళ్ళు కూడా ఈ పాటలు ముప్పై ఏళ్ళ చరిత్ర అని ఒప్పుకోవాలి. వినిపించి వాదించుకోవచ్చు. వినపడకుండా చేసి కలిసి ఉన్నామనడం మోసం. ఊరు మనల్ని చేసింది కూడా అదే కదా! డప్పు ముందు నడవాలి, కొట్టేటోడు బయట నిలబడాలి. మేము ఊరి పద్ధతిని పెన్‌డ్రైవ్‌లోకి తెచ్చిపెట్టాం.

ఆడవాళ్ళ లెక్క ఇంకా సిగ్గుచేటు. నలభై రెండింటిలో ఆడగొంతు ముందున్నవి ఏడు. మిగతా వాటిలో ఆడవాళ్ళు కోరస్. కట్టిన మనిషిగా ఆడపేరు రాసినవి సున్నా. భువనగిరి పాట అయి మోగి 1999లో ముక్కలుగా నరకబడ్డ బెల్లి లలిత పేరు అమరుల పాటల్లో కూడా లేదు. ఉన్న ఏడూ ఏ వేళకు పెట్టాం? మధ్యాహ్నం రెండింటికి, ఎండకు జనం ఇండ్లల్లకు పోయిన వేళకు. వరస కూడా తీర్పే అని ముందే అన్నాం. ఎవరు నీడలో వినపడాలి, ఎవరు ఎండలో మోగాలి అన్నది కూర్చేవాడి చేతిలో ఉంటుంది. మా చేయి ఎటు పోయిందో చూశారు కదా.

చెప్పొద్దన్న పేరు

ఇంతదాకా వచ్చాక తప్పు దిద్దుకోవడం తేలికే అనిపించింది. పేర్లు కనుక్కుని రాసేద్దాం అనుకున్నాం. పెద్దమ్మ దగ్గరికే మళ్ళీ పోయాం. "మీ అక్క పేరు చెప్పు పెద్దమ్మా, రాస్తం" అన్నాం. ఆమె పేరు చెప్పింది. ఊరు చెప్పింది. పాటలో మూడో చరణం ఏ దొరసాని మీద కట్టిందో చెప్పింది. అంతా చెప్పి, చివరికి, "రాయకుండ్రి" అన్నది. అక్క పోయి చాలా ఏళ్ళయింది. అక్క కొడుకులు ఆ ఊళ్ళోనే ఉన్నారు. పాటలో తిట్లు తిన్న ఇంటివాళ్ళ దగ్గరే కౌలు చేస్తున్నారు. "పాట వాళ్ళ చెవుల వడ్డా ఏం గాదు. అది ఎవలదో ఎవలికి తెల్వదు. పేరు వడితే కౌలు వోతది" అన్నది.

మా వాదమంతా ఒక్క మాటతో కుదేలైంది. పేరు లేకపోవడం అన్నిసార్లూ దోపిడీ కాదు. ఒక్కోసారి అది దాక్కునే చాటు. ఉద్యమాల్లో మారుపేర్లు ఎందుకొచ్చాయి? గద్దర్ అన్నది కూడా గుమ్మడి విఠల్ పెట్టుకున్న పేరే, గదర్ పార్టీ గుర్తుగా. కానీ ఒక తేడా ఉంది. తాను ఎంచుకుని దాగడం వేరు, అడగకుండానే చెరిపేయడం వేరు. మొదటిది ఆమె నిర్ణయం. రెండోది మన నిర్లక్ష్యం. "జానపదం" అన్న మాట ఈ రెంటినీ ఒకే సంచిలో వేసి మూతి కట్టేస్తుంది. అందుకే ఆ మాట మా చిట్టీలో ఇక ఉండదని తీర్మానించుకున్నాం.

కూర్పును మళ్ళీ చేశాం. ఇప్పుడు చిట్టీలో పాట పక్కన నాలుగు గళ్ళున్నాయి. కట్టినవాళ్ళు ఒక గడి, పాడినవాళ్ళు ఇంకో గడి. పేరు తెలియకపోతే "వెతుకుతున్నాం" అని మూడో గడి. తెలిసీ రాయనిచోట "చెప్పొద్దన్నారు" అని నాలుగో గడి. దండోరా పాటలు రెండూ తిరిగి వచ్చాయి. వాటి మీద వాదం కూడా వచ్చింది, ఇంకా నడుస్తోంది, నడవనీయండి. కోసేసిన సభ మాటల్ని ఎక్కడివక్కడ అతికించాం. చిట్టీ ఫోన్ వెంట పోదు కాబట్టి, మాట లేని పాటలకు ముందు బస్తీవాళ్ళ గొంతుతోనే రెండు ముక్కలు రికార్డు చేయించాం. నలభై రెండు పాటలు నలభై ఏడయ్యాయి. మూడున్నర గంటలు నాలుగున్నర దాటింది. సాఫీగా లేదు.

ఏడో పాటకు ముందు పెద్దమ్మ మాట్లాడింది. ఇంటిపని నుంచి వచ్చి, కొంగుతో మొఖం తుడుచుకుని, ఫోన్ ముందు కూర్చుని అన్నది: "ఇది మా అక్క కట్టిన పాట. పేరు నాకెరికే. నాటేస్తుంటే కట్టింది. నేనున్న." అంతే. పేరు చెప్పలేదు. ఆ తర్వాత పాట మొదలవుతుంది. ఇక దాన్ని విన్నవాళ్ళెవరూ దాన్ని ఎవరిదీ కాని పాట అనలేరు.

ఈ పత్రిక చదివే సార్లు, మేడమ్‌లు, హాస్టల్ మిత్రులు, సంఘం కార్యకర్తలు ఎవరో ఒకరు రేపు జయంతికో వర్ధంతికో పాటలు ఏరి పంచుతారు. పంచండి. ఏరిన చిట్టీతో పాటు, తీసేసిన పాటల చిట్టీ కూడా దాచండి. ఎందుకు తీశారో ఒక్క వాక్యం రాయండి. మీ బస్తీలో మీరు "జానపదం" అని రాసిన పాట పక్కన గొంతు కలిపిన చెల్లెలు ఎవరైనా ఉన్నారేమో అడగండి. ఆమె గిన్నెలు తోముతుండొచ్చు, అడ్డా మీద నిలబడి ఉండొచ్చు. ఆమె చెప్తే రాయండి. వద్దంటే వద్దన్నదని రాయండి. మా కూర్పులో "వెతుకుతున్నాం" గడి కింద ఇంకా పదకొండు పాటలున్నాయి.